సందు దొరికితే చాలు

నాకు తెలుగు తప్ప మరొకటి రాదని మా యింట్లో అందరికీ తెలుసు, తెలియనిది నాకొక్కడికే. ఆ సంగతి పోయిన నెలలో మా అమ్మ గుండె సాక్షిగా తెలిసివచ్చింది.

అమ్మకు డెబ్బయి నాలుగేళ్లు. పదిహేను రోజుల్లో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. మెదడుకు ఎం.ఆర్.ఐ. తీయించమన్నారు డాక్టరుగారు. గుండె లయ కూడా కాస్త తప్పుతూండడంవల్ల, తీస్తున్నంతసేపూ ఇ.సి.జి. గీతను కనిపెట్టి చూడాలన్నారు. పట్నంలో వొక ఆస్పత్రిలో మా బావమరిది యంత్రాలు చూసే ఇంజనీరు. అక్కడికే తీసుకువెళ్లాము.

ఫోను, గడియారం, తాళంచెవులు, చివరికి నడుం బెల్టుతో సహా బయట పెట్టించి నన్ను లోపలికి రానిచ్చారు. అమ్మకు చెయ్యి ఆసరా యివ్వాలి గదా! అక్కడి కుర్రాడు ఆమె ఛాతీమీద నాలుగు బిళ్లలు అంటించి, నాలుగు తీగలు తగిలించాడు. ఆ తీగలు జడలాగా పేనుకుని వున్నాయి. పాపం, హడావిడిలో చిక్కుపడ్డాయి కాబోలు ననుకున్నాను. కుర్రాడు అటు తిరగగానే వాటిని శుభ్రంగా విడదీసి, అమ్మకు ఒరుసుకోకుండా తలా వొక పక్కకూ సర్ది, దుప్పటి కప్పి వచ్చాను. కొడుకన్నవాడు ఆమాత్రం చెయ్యకపోతే యెలా?

తలుపు మూశారు. అద్దాని కివతల నిలబడ్డాను. యంత్రం టకటకమని మొదలుపెట్టిందో లేదో, తెరమీద అమ్మ గుండెగీత కొండలూ లోయలూ అయిపోయింది. నా కాళ్లు చల్లబడ్డాయి.

"ఏమోయ్! అమ్మకు..." అన్నాను. తరవాత మాట రాలేదు.

బావమరిది ఆ గీత చూడనేలేదు. దాని కిందవున్న మరో గీత చూశాడు. "కంగారుపడకండి బావగారూ. వేలికి పెట్టిన క్లిప్పు చెబుతోంది, నాడి నిమిషానికి 76, నిలకడగా వుంది. అది వెలుతురుతో పనిచేస్తుంది, దాని కబురు గాజుతీగలో వస్తుంది. అయస్కాంతం దాని జోలికి రాదు. అత్తయ్యగారి గుండెకేమీ కాలేదు, తీగల్లో నాయిస్ పడింది," అంటూ యంత్రం ఆపించి లోపలికి వెళ్లాడు.

తిరిగి వచ్చి, "తీగలు విప్పిందెవరు?" అన్నాడు. కుర్రాడు నావంక చూశాడు. నేను గోడవంక చూశాను.

మళ్లీ పేని సర్దాక గీత చాలావరకు దారికి వచ్చింది. పని ముగిశాక కాఫీ తాగుతూ, పోయిన పరువును భాషలోనైనా దక్కించుకుందామని, "నాయిస్ అంటే రొద గదా! చెవికి వినపడనిదాన్ని రొద అనడమేమిటోయ్?" అన్నాను.

"చెవికి వినపడిన టకటకా, తీగకు వినపడిన రొదా వొక తల్లి బిడ్డలే బావగారూ," అని మొదలుపెట్టాడు. ఆ సొరంగంలో అయస్కాంతబలం 1.5 టెస్లా, భూమి అయస్కాంతబలానికి సుమారు 30 వేల రెట్లు. అది నిలకడగా వున్నంతవరకూ పేచీ లేదు. కాని బొమ్మలో యే చుక్క యెక్కడిదో పోల్చుకోవడానికి లోపల మరికొన్ని తీగచుట్టలున్నాయి. వాటిలో కరెంటును క్షణక్షణమూ పెంచి తగ్గిస్తారు. ఆ అదురుకు అవి టకటకమంటాయి. దానితోపాటు అయస్కాంతబలమూ మారుతుంది. మారే అయస్కాంతబలం తీగచుట్టులో కరెంటు పుట్టిస్తుందని ఫారడే 1831లోనే చూపాడు. గుండె సంకేతమా, చర్మంమీదికి వచ్చేసరికి వోల్టులో సుమారు వెయ్యోవంతు! రెండు తీగలూ, మధ్యనున్న వొళ్లూ కలిసి వొక చుట్టు. తీగలు యెడమైనకొద్దీ చుట్టు పెద్దది, రొదా పెద్దది.

"మీరు సర్దిన సందులో గుండె కబురుకన్న పెద్ద కబురు దూరింది," అన్నాడు.

"పేనితే?"

"సందు తగ్గుతుంది. పైగా మెలికమెలికకూ తీగలు అటూయిటూ అవుతాయి. యీ మెలిక యిటు తోసిన కరెంటును పక్క మెలిక అటు తోస్తుంది. జమా ఖర్చూ చెల్లు." టెలిఫోను గ్రాహం బెల్ 1881లోనే యీ పురికి పేటెంటు తీసుకున్నాడట.

"తీగకు లోహపు తొడుగు వేస్తే పోదుటోయ్?"

"రేడియో తరంగాలైతే ఆగుతాయి. అందుకే ఆ గదికంతటికీ రాగిరేకు తొడుగు. వొంటినుంచి యంత్రం వినే సన్నని కబురు సెకనుకు సుమారు 6 కోట్ల 40 లక్షల కంపనాలది. ఎఫ్.ఎం. పాటలు 8 కోట్ల 80 లక్షల దగ్గర మొదలు, దాదాపు పొరుగిల్లే! తలుపు సరిగా పడకపోయినా, వడపోత లేని తీగ వొక్కటి గోడ దాటి వచ్చినా, బయటి రొద లోపలికి వచ్చి బొమ్మమీద గీతలు గీస్తుంది. కాని యీ టకటకల అయస్కాంతం నెమ్మదైనది, పలచని తొడుగును లెక్కచెయ్యదు. దానికి పురే మందు."

అంతటితో ఆగితే బాగుండేది. గొంతు తగ్గించి, "గీత చెడడం చిన్నమాట. చుట్టుగా పడ్డ తీగ వొంటికి తగిలితే, యంత్రం పంపే రేడియో శక్తికి వేడెక్కి బొబ్బలెక్కిస్తుంది. కరెంటును తేలిగ్గా పోనివ్వని కర్బనపు తీగలు వాడేది అందుకే. అయినా చుట్టు చుట్టే బావగారూ," అన్నాడు.

నా కాఫీ చేదయింది. ప్రేమకొద్దీ నేను సర్దిన సర్దుబాటు అమ్మ వొళ్లు కాల్చేదన్నమాట! కనుక మీ రెవరైనా పెద్దవాళ్లను అక్కడికి తీసుకువెడితే, చేతులు కట్టుకు నిలబడండి. చిక్కులాగా కనపడినదల్లా చిక్కు కాదు. సందేహముంటే ఆ కుర్రాణ్ణే అడగండి.

మెదడులో భయపడవలసిందేమీ లేదన్నారు, మాత్ర మార్చారు. యింటికి వచ్చాక అమ్మ దీపానికి వత్తులు చేస్తూ కూర్చున్నది. దగ్గర కూర్చుని జరిగినదంతా చెప్పి, తప్పు వొప్పుకున్నాను. ఆమె చేతిలో పురి ఆగలేదు.

"చిన్నప్పుడు నీ చెల్లెలి జడ విప్పేసి, చిక్కు తీశానే అమ్మా అని వచ్చి చెప్పావు, జ్ఞాపకముందట్రా?" అన్నది.