బొమ్మ వస్తుంది... మాట రాదు!

ఈ మధ్య మా కొత్తపల్లెలో ఎవరింటికి వెళ్లినా ముందుగదిలో టీవీ కింద డబ్బాల వరస కనిపిస్తోంది. కేబుల్‌దో ఫైబర్‌నెట్‌దో ఒక డబ్బా, దాని పక్కన పిల్లల ప్లేస్టేషన్, అటూ ఇటూ హోమ్ థియేటర్ స్పీకర్లు, మూలన ఊఫర్. రిమోట్లు లెక్కపెడితే నాలుగు! పండక్కి అబ్బాయి హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో వస్తాడు. రెండు గంటలు కూర్చుని వైర్లన్నీ బిగిస్తాడు. ఒక సినిమా పెట్టి, వంటింటి అటక మీద స్టీలు గిన్నెలు గలగలమనేదాకా వినిపిస్తాడు. సంతోషమే. వాడు బస్సెక్కిన మర్నాడు, వంటిల్లు సర్దుకుని మధ్యాహ్నం సీరియల్ పెట్టుకుందామని మనం కూర్చుంటే బొమ్మ వస్తుంది, మాట రాదు. ఏ రిమోట్ ఏ డబ్బాదో తెలియదు. ఫోన్ చేస్తే వాడు ఆఫీసులో ఉంటాడు. ఇక సాయంత్రం ఇంటాయన వచ్చేదాకా మూగ సినిమానే!

రోజంతా ఇంట్లో ఉండేది మనమాయె. మన టీవీ మాట్లాడాలంటే ఇంకెవరో రావాలా? ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదండీ. మిక్సీ జారు బిగించడం వచ్చినవాళ్లకు ఇదీ వస్తుంది.

ఇదివరకు ఇంత గొడవ లేదు. కేబుల్ వైరు తెచ్చి నేరుగా టీవీ వెనక గుచ్చేవారు, అంతే. పల్లెల్లో ఆ పాత పద్ధతికి ప్రభుత్వం 2017 మార్చి 31 గడువు పెట్టింది. దాంతో డబ్బా తప్పనిసరయింది. అదే ఏడాది డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఫైబర్‌నెట్ ప్రారంభించారు. టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ కలిపి అప్పట్లో నెలకు 149 రూపాయలంటే ఎవరు వద్దన్నారు? ఆ డబ్బా కూడా వచ్చి చేరింది. హోమ్ థియేటర్ పిల్లల ముచ్చట. ఇవన్నీ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చేతుల మీదుగా వచ్చినవి. ఒకదాని మాట ఒకదానికి అర్థం కాకపోవడంలో వింతేముంది!

సరే, పనిలోకి దిగుదాం. ముందు స్విచ్చులన్నీ ఆపి, ప్లగ్గులు తీసేయండి. టార్చి పట్టుకుని టీవీ వెనక, డబ్బాల వెనక ఉన్న రంధ్రాలు చూడండి. పసుపు, తెలుపు, ఎరుపు రంగుల గుండ్రటివి మీకు పాత చుట్టాలే. పసుపు బొమ్మకి, తెలుపు ఎడమ వైపు శబ్దానికి, ఎరుపు కుడి వైపుకి. ఈ దారిలో వచ్చేది రెండు వైపుల శబ్దమే. గదిలో 6 స్పీకర్లున్నా ఆ రెంటినే పంచి వినిపిస్తాయి. పాత ఫ్రీ డిష్ డబ్బాలకు చాలావాటికి ఇదే దారి. అటక మీద పాత ప్లేస్టేషన్ 2 ఉంటే దానికీ ఇవే పిన్నులు. (2009లో మన హైదరాబాదులోనే తయారైన ‘హనుమాన్: బాయ్ వారియర్’ ఆట దానికోసమే వచ్చింది. మీ పిల్లలు ఆడే ఉంటారు!)

రెండోది బల్లపరుపుగా, నాలుకలాగా ఉండేది. దాన్ని హెచ్.డి.ఎం.ఐ. అంటారు. బొమ్మా శబ్దమూ రెండూ ఒకే వైరులో పోతాయి. టీవీకి ఇవి రెండు మూడు ఉంటాయి. వాటిలో ఒకదాని పక్కన చిన్న అక్షరాలతో ఏ.ఆర్.సి. అని రాసి ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని మరీ వెతకండి, ఈ పని మొత్తానికీ అదే ముఖ్యం. 2009 నుంచి వచ్చిన సదుపాయం ఇది. టీవీ నుంచి శబ్దాన్ని వెనక్కి ఆంప్లిఫయర్‌కు పంపే దారి. మూడోది చిన్న తలుపున్న చదరపు రంధ్రం, దాన్ని ఆప్టికల్ అంటారు. టీవీ వేసి ఉంటే లోపల ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. శబ్దం వెలుగు రూపంలో పోతుందన్నమాట. ఆ వైరును చీరలా మడత పెట్టకూడదు, లోపలి దారం విరిగిపోతుంది. కొత్త వైరయితే కొసకున్న చిన్న ప్లాస్టిక్ తొడుగు తీసి గుచ్చండి.

ఇప్పుడు ఎలా కలపాలి? ఇంట్లో నీళ్ల ట్యాంకును తలుచుకోండి. బోరు నీళ్లయినా, పంచాయతీ నీళ్లయినా ట్యాంకులోకే ఎక్కిస్తాం. అక్కడినుంచి ఒక్క గొట్టం కిందికి దిగుతుంది. టీవీని ఆ ట్యాంకు అనుకోండి. కేబుల్ డబ్బా టీవీలోకి, ఆటల డబ్బా టీవీలోకి. టీవీలోని ఏ.ఆర్.సి. రంధ్రం నుంచి హోమ్ థియేటర్‌లో అదే పేరున్న రంధ్రంలోకి ఒక్క హెచ్.డి.ఎం.ఐ. వైరు. అంతే. తర్వాత టీవీ సెట్టింగుల్లో సీ.ఈ.సీ. అనో, హెచ్.డి.ఎం.ఐ. కంట్రోల్ అనో ఉంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కో ముద్దుపేరు పెడుతుంది. దాన్ని రెండు చోట్లా ఆన్ చేస్తే మామూలుగా టీవీ రిమోట్‌తోనే హోమ్ థియేటర్ శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది. టీవీ ఆపితే అదీ ఆగుతుంది. నాలుగు రిమోట్లలో రెండు సొరుగులోకి పోతాయి.

మీ అబ్బాయి ఒప్పుకోకపోవచ్చు. “అట్లయితే ఆటలో 6 స్పీకర్ల శబ్దం రాదమ్మా” అంటాడు. వాడిదీ నిజమే. కొన్ని టీవీలు, ముఖ్యంగా పాతవి, తమ గుండా వెళ్లే శబ్దాన్ని రెండు వైపులకు కుదించి పంపుతాయి. అందుకని ఆటల డబ్బా ఒక్కదాన్ని హోమ్ థియేటర్‌లోకి గుచ్చుకోమనండి, దానికి అలాంటి రంధ్రం ఉంటే. బొమ్మ ఆ ఒక్క వైరు మీదుగానే టీవీకి చేరుతుంది. కేబుల్ డబ్బా మాత్రం టీవీలోనే ఉండాలి, దీంట్లో రాజీ వద్దు! 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5కి ఆప్టికల్ రంధ్రమే లేదు. కొత్తది కొనిమ్మని అడుగుతున్నాడా? అయితే ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్‌కు హెచ్.డి.ఎం.ఐ. ఉందో లేదో చూశాకే నంద్యాల బయల్దేరండి.

హోమ్ థియేటర్ చవకరకం, ఎరుపు తెలుపు తప్ప ఏమీ లేవంటారా? టీవీకి హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే అక్కడినుంచి ఎరుపు తెలుపు పిన్నుల్లోకి వచ్చే వైరు దొరుకుతుంది. సీరియళ్లకు, వార్తలకు, పాటలకు అది చాలు. దానికోసం కొత్త సెట్టు కొనాలని ఎవరైనా చెబితే నేనయితే వినను.

అన్నీ సరిగ్గా గుచ్చినా ఒక్కోసారి శబ్దం ఉండదు. సినిమా పెట్టగానే నిశ్శబ్దం, లేకపోతే బరబరమని గోల. ఆంప్లిఫయర్ పోయిందని కంగారు పడి షాపుకు మోసుకుపోకండి. డాల్బీ డిజిటల్ అంటే పలు స్పీకర్ల శబ్దాన్ని మూటకట్టి పంపడం. ఆ మూట విప్పడం అవతలి పెట్టెకు రావాలి. రాకపోతే నోరు మూసుకుంటుంది. డబ్బా సెట్టింగుల్లో ఆడియో అన్న చోటికి వెళ్లి డాల్బీ అని ఉన్నదాన్ని పీ.సీ.ఎం. అనో స్టీరియో అనో మార్చండి. టీవీలోనూ అదే మాట వెతికి మార్చండి. పైసా ఖర్చు లేని వైద్యం.

ఇంకో జబ్బు ఉంది. ఇది అసలు చూడాల్సింది. మా వీధిలో ఒక పెద్దావిడ చాలా రోజులుగా “ఏందో తల్లీ, పాట ఇనపడతాది, మాట ఇనపడదు” అంటుండేది. వయసైంది, చెవుడొచ్చింది అనుకున్నారు ఇంట్లో అందరూ. శబ్దం పెంచితే ఊఫర్ దడదడమంటుంది, పిల్లల చదువు పాడవుతుందని కోడలు తగ్గిస్తుంది. ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. నంద్యాలలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలనే దాకా వచ్చింది. తీరా చూస్తే టీవీ కింద పెట్టిన మధ్య స్పీకర్ వైరు ఊడి ఉంది, ఊడ్చేటప్పుడు చీపురుకు తగిలి ఉంటుంది. 6 స్పీకర్ల పద్ధతిలో తయారైన సినిమాల్లో మనుషుల మాటలు ముఖ్యంగా ఆ మధ్య స్పీకర్ నుంచే వస్తాయి. పాటలు, చప్పుళ్లు చుట్టూ ఉన్నవాటిలోంచి వస్తాయి. ఆ ఒక్క వైరు ఊడితే పాట ఉంటుంది, మాట పోతుంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం! వైరు బిగించాక ఆవిడ మొదట అడిగింది శబ్దం తగ్గించమని.

అందుకని మీ ఇంట్లో పెద్దవాళ్లు మాట వినబడటం లేదంటే ముందు మధ్య స్పీకర్‌కు చెవి ఆనించి చూడండి. అది దేవుడి పటం వెనకో, పూలకుండీ వెనకో కూర్చుని ఉంటే ముందుకు తీసి, మనం కూర్చునే వైపు తిప్పండి. అది పాడైపోయి ఉంటే డబ్బాను స్టీరియోకి మార్చండి, మాటలు ఎడమ కుడి స్పీకర్లలోకి వచ్చేస్తాయి. రాత్రిపూట ఫైట్లు గట్టిగా, మాటలు గొణుగుడుగా ఉంటే నైట్ మోడ్ అని కొన్నిటికి ఉంటుంది. పెద్ద శబ్దాలను అణిచి, చిన్నవాటిని పైకి తెస్తుంది. ఊఫర్‌ను గోడ మూల నుంచి కాస్త ఇవతలికి జరిపినా దడదడ తగ్గుతుంది.

పెదవులు ఒకటి, మాట ఒకటిగా ఉంటే ఆడియో డిలే అన్న సెట్టింగును కొంచెం కొంచెంగా మార్చి చూడండి. పిల్లలు మీట నొక్కాక దెబ్బ ఆలస్యంగా పడుతోందని గోల పెడితే టీవీలో గేమ్ మోడ్ పెట్టమనండి.

వైర్ల సంగతి తేలాక రెండు కొసలకూ మందులషాపులో దొరికే ప్లాస్టరు ముక్క చుట్టి ‘కేబుల్’, ‘ఆట’, ‘శబ్దం’ అని రాయండి. దుమ్ము దులిపినప్పుడు ఊడినా మళ్లీ మీరే పెట్టుకోవచ్చు. అబ్బాయి ఈసారి వచ్చినప్పుడు రిమోట్ మీరు పట్టుకోండి, వాణ్ణి పక్కన కూర్చోమనండి. సీరియల్ నుంచి ఆటకు, ఆట నుంచి సీరియల్‌కు మూడుసార్లు మీ చేత్తో మార్చి చూసుకున్నాకే వాణ్ణి బస్సెక్కించండి.

కరెంటు విషయం ఒక్కటి మిగిలింది. స్పీకర్లలోంచి ఎప్పుడూ గుయ్యిమని శబ్దం వస్తుంటే కేబుల్ వైరును డబ్బా నుంచి తీసి చూడండి. గుయ్యి ఆగితే దోషం ఆ వైరు వెంట వస్తోందని అర్థం, కేబుల్ అతన్ని పిలిపించి చూపించండి. అంతేగానీ, ఎవరో చెప్పారని ప్లగ్గులో లావుపాటి మూడో పిన్ను విరగ్గొట్టడం, ఎర్తు వైరు పీకేయడం చేయకండి. షాకు నుంచి మిమ్మల్నీ పిల్లల్నీ కాపాడేది అదే. ఈ డబ్బాలున్న బోర్డులోనే ఇస్త్రీపెట్టె, నీళ్ల హీటరు పెట్టొద్దు. ఉరుములు మొదలైతే స్విచ్ ఆపితే సరిపోదు. ప్లగ్గులు తీసేయండి, డిష్ నుంచీ కేబుల్ నుంచీ వచ్చే వైరు కూడా. మెరుపులు దగ్గరికి వచ్చాక మాత్రం వాటిని ముట్టుకోకండి.