పానకంలో పుడక

పండుగ పూట హేతువాది నోరు తెరిస్తే పానకంలో పుడక అంటారు మా బంధువులు. ఆ బిరుదు నాకు ఇష్టమే, ఎందుకంటే పానకం కూడా నాకు ఇష్టమే! దేవుడు లేడన్నవాడికి నాలుక కూడా లేదని ఎవరన్నారు? శ్రీరామనవమి నాడు కొత్త కుండలో చల్లటి నీళ్లు, బెల్లం, దంచిన మిరియాలు, ఏలకులు, కాస్త శొంఠి. పక్కన వడపప్పు, అందులో మామిడికోరు. చైత్రమాసపు ఎండలో దీన్ని వద్దనేవాడు హేతువాది కాదు, వట్టి అరసికుడు.

కాబట్టి నా పేచీ పానకంతో కాదు. దానితో పాటు అదే గ్లాసులో పోసి ఇస్తున్న "సైన్స్"తో.

పాతకాలపు భక్తుడు నిజాయితీపరుడు. ఎందుకు తాగాలయ్యా అంటే "రాముడికి ఇష్టం" అనేవాడు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. నేటి భక్తుడికి రాముడు చాలడం లేదు, యాంటీ ఆక్సిడెంట్లు కావాలి! ఉగాది నుంచి నవమి దాకా ఆ తొమ్మిది రోజులూ టీవీ పెడితే అదే పాట, ఫోను తెరిస్తే అదే పాట. మన పూర్వీకులు ఏదీ ఊరికే పెట్టలేదట, ప్రతి ముద్ద వెనకా శాస్త్రం ఉందట. ఇందులో పోయేదేముంది, చాదస్తమే కదా అని నేనూ చాలాకాలం ఊరుకున్నాను.

పోయిన ఏడాది నవమికి మా బావగారు మూడు గ్లాసుల పానకం తాగారు. పన్నెండేళ్లుగా మధుమేహం ఆయనకి. పంచదార ముట్టరు. నేను చెయ్యి పట్టుకోబోతే, "బెల్లం చక్కెర కాదోయ్, ప్రకృతి సిద్ధమైంది. ఐరన్ ఉంటుంది. మొన్ననే టీవీలో చెప్పారు" అన్నారు.

లెక్క వేద్దాం. మా అక్క లీటరు నీళ్లకు 150 గ్రాముల బెల్లం వేస్తుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసుకి 30 గ్రాములు, మూడు గ్లాసులకి 90. బెల్లంలో అధికభాగం సుక్రోజే. అంటే చక్కెర డబ్బాలో ఉన్నదే, రంగూ వాసనా తీసెయ్యలేదంతే. హీనపక్షం పద్నాలుగు చెంచాల పంచదార ఆయన కడుపులోకి వెళ్లినట్టు. ఇనుము లేదా అంటే ఉంది, కాస్త. దానికోసం మధుమేహ రోగి బెల్లం తాగడం ఎలుకల కోసం ఇల్లు తగలబెట్టుకోవడమే.

ఆ రాత్రి గ్లూకోమీటరు 340 చూపించింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. రెండేళ్లుగా కాఫీలో కూడా బెల్లమే వేసుకుంటున్నారట, రోజుకు మూడుసార్లు, నిర్భయంగా. ఆ వేసవిలోనే కాలి బొటనవేలి పుండు ముదిరి, వేలు తీసేయాల్సి వచ్చింది. బెల్లం ఒక్కటే కారణమని నేననను. అలా అంటే నాకూ టీవీ స్వాములకూ తేడా ఏముంటుంది? కానీ "ఇది చక్కెర కాదు" అన్న అభయం ఆయనకి ఇచ్చిందెవరు? ఇచ్చినవాళ్లు ఆసుపత్రి గుమ్మం దగ్గర కనబడలేదేం?

ఇంకో మాట ఈ మధ్య బాగా తిరుగుతోంది. పానకం అంటే "ప్రాచీన ఓఆర్ఎస్" అట! ఇది మరీ అన్యాయం. ఓఆర్ఎస్ కథ నిజంగా గర్వపడదగ్గది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు కలరాతో పిట్టల్లా రాలిపోతుంటే, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు బనగావ్ శిబిరంలో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి వేలమందిని బతికించాడు. కిటుకంతా పాళ్లలో ఉంది. పేగు గోడలో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్లు వెళ్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన పాళ్ల ప్రకారం లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. మా అక్క పానకంలో బెల్లం దానికి పదకొండు రెట్లు, ఉప్పు సున్నా! విరేచనాలతో వేలాడిపోతున్న పసిపిల్లకు ఇంత చిక్కని తీపినీళ్లు పడితే, పేగు నీటిని పీల్చుకోవడం మాట అటుంచి, ఒంట్లో ఉన్న నీటినే లోపలికి లాక్కుంటుంది. ఎండలో దాహం తీరడం వేరు, రోగానికి మందు వేరు. పందిట్లో డ్రమ్ములో కలిపినప్పుడు ఆ నీళ్లెక్కడివి, ఆ ఐసు ఎక్కడిది అని అడిగే శాస్త్రజ్ఞుడు మాత్రం ఒక్కడూ కనబడడు.

ఉగాది పచ్చడి సంగతీ ఇంతే. షడ్రుచులట, ఋషులు కనిపెట్టిన శరీరశాస్త్రమట. పచ్చట్లో మనం వేసే మిరపకాయ అమెరికా ఖండాల పంట. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో తెస్తే వచ్చింది. పైగా కారం అసలు రుచే కాదు, మంట. నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాన్నే మిరప తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. వగరును కూడా స్పర్శ కిందే లెక్కగట్టేవాళ్లున్నారు. 1908లో జపాన్‌లో ఇకెడా గుర్తించిన ఉమామి మన ఆరింటిలో లేనే లేదు. ఇందులో పెద్దలను తక్కువ చేసిందేమీ లేదు, వాళ్లు నాలుకతో చూసి చెప్పారు, బాగానే చెప్పారు. ఇక వేపపువ్వు ఏడాది పొడవునా రోగాలు రానివ్వదట. సంవత్సరానికి ఒక్క చెంచాతో పనిచేసే మందు ఇంకేదైనా ఉంటే చూపించండి!

ఇదంతా తిండి దగ్గరే ఆగితే నాకింత ఆవేశం రాదు. అదే ఏడాది ఉగాది నాడు మా మేనకోడలు, ఇంజనీరింగ్ చదువుతున్న పిల్ల, వరండాలో చాప మీద కూర్చుని ఉంది. "బయట ఉంది" అంది మా అక్క, గొంతు తగ్గించి. ముందు వారమంతా వేపపువ్వు ఏరింది ఆ పిల్లే, ఆరబెట్టింది ఆ పిల్లే. పచ్చడి మాత్రం తాకకూడదు. తాకితే మైల. ఇదేమిటి బావగారూ అంటే, సిద్ధంగా ఉంది సమాధానం. "దీని వెనకా సైన్స్ ఉందోయ్. ఆ రోజుల్లో ఆడవాళ్లకు విశ్రాంతి కోసం పెట్టారు."

విశ్రాంతా! మరి తెల్లవారుజామున నాలుగింటికి లేచి, తలంటుకుని, తడిబట్టతో మడి కట్టుకుని, పదిమందికి బొబ్బట్లు చేసి, అందరూ తిన్నాక మూడింటికి కంచం ముందు కూర్చున్న మా అక్కకు ఏ శాస్త్రం విశ్రాంతినిచ్చింది? విశ్రాంతి ఇవ్వాలనుకుంటే మంచం మీద పడుకోమంటారు, విడిగా కంచం, విడిగా చెంబు ఇస్తారా? పచ్చడికి సైన్స్ ఉందని తలూపినవాడు చాపకీ సైన్స్ ఉందంటే కాదనలేడు. నేను పచ్చడి దగ్గరే పేచీ పెట్టుకునేది అందుకే.

పందిట్లో పానకం కలిపే చేతులు ఏ కులానివో, వాడకట్టు చివరివాళ్లకు దాన్ని గ్లాసులో ఇస్తారో, ఎత్తు నుంచి దోసిట్లో పోస్తారో కూడా ఒకసారి చూడండి. గోరా సహపంక్తి భోజనాలు పెట్టింది ఊరికే కాదు. దానికి కూడా ఏ పరిశుభ్రత సూత్రమో రేపోమాపో ఫోన్లో వస్తుంది.

బావగారు ఇప్పుడు బెల్లం మానేశారు. టీవీ మానలేదు. ఈ ఏడాది ఉగాదికి పచ్చడి మా మేనకోడలే కలిపింది. రోజుల లెక్క ఆమె చెప్పలేదు, మా అక్క అడగలేదు. ఉప్పు కాస్త ఎక్కువైంది. నేను రెండుసార్లు వేయించుకున్నాను. బావగారు ఒక్క చెంచా తిని, "వేపపువ్వు తగ్గిందే" అన్నారు.