బంగారు జుట్టు వెనక ఒక్క అక్షరం



నేను హైస్కూల్ పిల్లలకు బయాలజీ చెప్తాను. ఏటా యాన్యువల్ డేకి ఇంగ్లిష్ నాటిక చేయించే పని కూడా నా మీదే పడుతుంది. ఈసారి ఆరో తరగతి పిల్లలతో రపుంజెల్ కథ వేయించాం. దాని కోసం పొడవాటి జడ ఉన్న బంగారు రంగు విగ్గు అద్దెకు తెచ్చాం. డైలాగులు అందరికంటే బాగా చెప్పిన అమ్మాయికే రపుంజెల్ పాత్ర ఇచ్చాను. విగ్గు వచ్చిన రోజు ఆ పాప నా దగ్గరికి వచ్చి, "మేడమ్, నాకు ఆ విగ్గు సెట్ అవ్వదు. నేను నల్లగా ఉంటాను కదా. వేరే రోల్ ఇవ్వండి" అంది. ఏడవలేదు, అలగలేదు. పెన్సిల్ విరిగింది, ఇంకోటి కావాలి అన్నంత మామూలుగా చెప్పింది.

రిహార్సల్ హడావిడిలో ఉన్న నేను "సరేలే, నువ్వు నరేటర్‌గా చెయ్యి" అనేశాను. ఇంటికి వెళ్లాక గానీ నేను చేసిన తప్పు తెలియలేదు. వంశపారంపర్యం పాఠం చెప్పే టీచర్‌ని. ఆ పాప అన్నమాట నిజం కాదని చెప్పడానికి నా దగ్గర మంచి ఉదాహరణే ఉంది. అవసరమైనప్పుడు అది నోటికి రాలేదు. ఆ రోజు పాపకు చెప్పాల్సింది ఈ నెల మీకు చెప్తున్నాను. ఎందుకంటే ఇలాంటి మాటలు పిల్లలు స్కూల్‌కి వచ్చాక నేర్చుకునేవి కావు, చాలావరకు ఇంటి నుంచే తెచ్చుకుంటారు.

సోలమన్ దీవుల పిల్లలు

ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా, పసిఫిక్ సముద్రంలో సోలమన్ దీవులు ఉన్నాయి. అక్కడి వాళ్లది మనకంటే ముదురు నలుపు. అయినా అక్కడ నూటికి 5 నుంచి 10 మందికి పుట్టుకతోనే బంగారు రంగు జుట్టు ఉంటుంది. మర్నాడు ఆ పాపకు ఫోన్‌లో ఈ పిల్లల ఫొటోలు చూపించాను. చాలాసేపు చూసి, "రంగు వేసుకున్నారా మేడమ్?" అని అడిగింది. లేదన్నాను.

బయటివాళ్లు చాలాకాలం ఇది యూరప్ నుంచి వచ్చిన వర్తకుల వల్ల వచ్చిందనుకున్నారు. ఎండ వల్ల అనీ, చేపలు ఎక్కువ తినడం వల్ల అనీ ఆ దీవుల వాళ్లే కొందరు చెప్పుకునేవారు. 2012లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన దీన్ని తేల్చింది. బంగారు జుట్టు ఉన్న 43 మంది, నల్ల జుట్టు ఉన్న 42 మంది డీఎన్ఏలను పోల్చి చూశారు. టీవైఆర్‌పీ1 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా కనిపించింది. ఆ మార్పు యూరప్ వాళ్లలో లేదు. అంటే ఎవరి దగ్గరా తెచ్చుకున్నది కాదు, ఆ ప్రాంతంలోనే విడిగా పుట్టిన బంగారు జుట్టు అది.

అసలు ఆ రంగు ఎలా వస్తుంది?

వెంట్రుక మొదట్లో ఉండే కణాలు మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారు చేస్తాయి. అందులో రెండు రకాలు. నలుపు, గోధుమ రంగులిచ్చేది యూమెలనిన్. ఎరుపు, పసుపు ఛాయలిచ్చేది ఫియోమెలనిన్. యూమెలనిన్ బాగా ఉంటే జుట్టు నల్లగా ఉంటుంది, బాగా తగ్గితే బంగారు రంగులో కనిపిస్తుంది. కాఫీలో డికాషన్ తగ్గితే రంగు లేతబడినట్టే. బంగారు జుట్టులో ప్రత్యేకంగా కలిపిన బంగారు రంగంటూ ఏదీ లేదు.

యూరప్ వాళ్ల సంగతి వేరే. ఉత్తర యూరప్‌లో బంగారు జుట్టుకు కారణమైన మార్పుల్లో ఒకదాని గురించి 2014లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు వివరించారు. కేఐటీఎల్‌జీ అనే జన్యువుకు దాదాపు మూడున్నర లక్షల అక్షరాల దూరంలో ఒక చోట 'ఎ' ఉండాల్సిన స్థానంలో 'జి' ఉంటుంది. జన్యువు చెక్కుచెదరలేదు, దాన్ని నడిపించే స్విచ్ మాత్రం కాస్త మందగించింది. వెంట్రుకల కుదుళ్లలో ఆ జన్యువు పని సుమారు 20 శాతం తగ్గుతుంది. రక్తకణాలు తయారవడం లాంటి చాలా పనుల్లో ఇదే జన్యువుకు పాత్ర ఉంది. ఆ పనులకు మాత్రం ఈ స్విచ్‌తో సంబంధం లేదు.

నాకు బాగా నచ్చిన విషయం ఇదే. ఆ అక్షరం ప్రభావం వెంట్రుక కుదురు దగ్గరే ఆగిపోతుంది. బంగారు జుట్టు అమ్మాయిలకు తెలివి తక్కువని ఇంగ్లిష్ సినిమాల్లో వేసే జోకులకూ ఆధారం లేదు, ఆ జుట్టు ఉంటేనే రాకుమారి అనుకోవడానికీ ఆధారం లేదు.

అరుదైనది అంతరించిపోతుందా?

ప్రపంచంలో పెద్దవాళ్లలో నూటికి ఇద్దరికి మాత్రమే సహజమైన బంగారు జుట్టు ఉంటుందని ఒక అంచనా తరచూ కనిపిస్తుంది. యూరప్‌లో చిన్నప్పుడు బంగారు జుట్టు ఉన్న చాలామందికి పెద్దయ్యేసరికి అది గోధుమ రంగుకు మారుతుంది. అరుదన్నది నిజమే. దాన్ని పట్టుకుని 2002లో ఒక వార్త పుట్టింది. ఇంకో రెండు వందల ఏళ్లలో బంగారు జుట్టు వాళ్లు పూర్తిగా అంతరించిపోతారనీ, ఆ మాట ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పిందనీ పెద్ద పెద్ద న్యూస్ ఛానళ్లు చెప్పాయి. అలాంటి అధ్యయనమేదీ తాము చేయలేదని ఆ సంస్థ ప్రకటించాల్సి వచ్చింది.

ఆ వార్తను నమ్మినవాళ్లు చేసిన పొరపాటే మన పదో తరగతి పిల్లలూ చేస్తారు. డామినెంట్ అంటే గెలిచేది, రిసెసివ్ అంటే ఓడి మాయమయ్యేది అనుకుంటారు. రిసెసివ్ లక్షణం దాక్కుంటుంది గానీ పోదు. సోలమన్ దీవుల లెక్కే చూడండి. అక్కడ ఆ జన్యు రూపం సుమారు 26 శాతం ఉంది. జుట్టు బంగారు రంగులో రావాలంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండూ అందాలి. 0.26ని 0.26తో గుణిస్తే దాదాపు 0.07 వస్తుంది. అంటే నూటికి ఏడుగురు. అందుకే నల్ల జుట్టు అమ్మానాన్నలకు బంగారు జుట్టు బిడ్డ పుట్టవచ్చు. మీ పిల్లలు పదో తరగతిలో ఉంటే ఈ లెక్క వాళ్లతో చేయించి చూడండి, పాఠం బాగా గుర్తుంటుంది. యూరప్ వాళ్ల విషయంలో ఇంత సులువు లెక్క కుదరదు. దాదాపు మూడు లక్షల మందిని పరిశీలించిన 2018 నాటి అధ్యయనంలో జుట్టు రంగుతో సంబంధమున్న జన్యువులు 124 దాకా తేలాయి.

మన ఇళ్లలో

మన పిల్లల్లోనూ కొందరి జుట్టు రంగు వేరుగా ఉంటుంది. నల్లటి జుట్టు క్రమంగా రాగి రంగుకు తిరిగితే ఎండ కారణం కావచ్చు, ఒక్కోసారి తిండిలో ప్రోటీన్ చాలకపోవడం కావచ్చు. "భలే స్టైల్‌గా ఉంది" అని వదిలేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఇక అల్బినిజంతో పుట్టిన పిల్లలకు జుట్టు, చర్మం బాగా లేత రంగులో ఉంటాయి. వాళ్లకు చూపు తక్కువగా ఉంటుంది, ఎండ పడదు. వాళ్లకు కావాల్సింది ముందు బెంచీ, టోపీ, నీడ. "దొర" అని పేర్లు పెట్టి పిలవడం వల్ల వాళ్లకు ఒరిగేదేమీ లేదు.

రంగు గురించి మనం ఇంట్లో అనే మాటలు చిన్నవిగానే ఉంటాయి. మా నాయనమ్మ ప్రతి ఆదివారం సున్నిపిండి రుద్దుతూ "కాస్త రంగు తేలాలే" అనేది. ప్రేమతోనే అనేది. ఆ ప్రేమ గుర్తుంది, ఆ మాట కూడా గుర్తుంది. "ఎండలో ఆడకు, నల్లబడతావు" అనడం మానేసి "ఎండగా ఉంది, నీళ్లు తాగి వెళ్లు" అనొచ్చు కదా. బొమ్మ కొనేటప్పుడు అన్నీ బంగారు జుట్టువే కాకుండా నల్ల జడ ఉన్న బొమ్మ ఒకటైనా ఇంట్లో ఉండేలా చూడొచ్చు. ఫ్యాన్సీ డ్రెస్ పోటీ వచ్చినప్పుడు "నీ రంగుకు ఇది నప్పదు" అనకుండా "నీకేం కావాలి?" అని ముందు అడగొచ్చు. ఇవన్నీ మీకు తెలియనివని కాదు. నాకూ తెలుసు, అయినా ఆ రోజు నేను "సరేలే" అన్నాను.

నాటిక బాగా జరిగింది. పాత్ర అప్పటికే ఇంకో పాపకు ఇచ్చేశాను, ఆమె ఎంతో సంబరంగా నేర్చుకుంటోంది. తిరిగి తీసుకోవడం న్యాయం కాదనిపించింది. మొదటి పాప నరేటర్‌గా చక్కగా చెప్పింది, చప్పట్లూ వచ్చాయి. అయినా తను వేయాల్సిన పాత్ర అది కాదని నాకు తెలుసు.

వచ్చే ఏడాది ఏ పిల్లైనా నా దగ్గరికి వచ్చి ఆ మాట అంటే రిహార్సల్ ఆపి, ముందు ఆ ఫొటోలు చూపిస్తాను. మీ ఇంట్లో ఆ మాట వినిపిస్తే మీరూ ఒక్క ఐదు నిమిషాలు చేతిలో పని పక్కన పెట్టండి. "సరేలే" అని మాత్రం అనకండి.