పడడం కూడా ఒక విద్యే

‘పడ్డవాడు చెడ్డవాడు కాడు’ అని పెద్దలన్నారు. అయితే ఎలా పడాలో నేర్పవలసిన బాధ్యత ఎవరిదో ఆ సామెత చెప్పదు. గత సంవత్సరం మా విద్యార్థి ఒకడు చేతికి కట్టుతో తరగతికి వచ్చాడు. కళాశాల ముందున్న వాలు రోడ్డుపై స్కేట్‌బోర్డు నడుపుతూ పడ్డాడట. మేము మందలించాము. అతడు తల వంచుకొని, “ఎలా పడాలో ఎవరూ చెప్పలేదు సార్” అన్నాడు. మా వద్ద సమాధానం లేకపోయింది. ఈ వ్యాసానికి కారణమదే.

ఈ నాలుగు చక్రాల పలక కాలిఫోర్నియా తీరంలో పుట్టింది. కెరటాలపై తేలే క్రీడకు అలవాటుపడిన యువకులు, కెరటాలు లేని రోజుల్లో ఆ ఆనందాన్ని నేలపై వెదకుకొన్నారు. తొలినాటి చక్రాలు చిన్న గులకరాయి తగిలినా ఆగిపోయేవి. మనిషి మాత్రం ఆగక ముందుకు పడేవాడు. 1970 దశకం ఆరంభంలో ఫ్రాంక్ నాస్‌వర్తీ యూరిథేన్ చక్రాలను ప్రవేశపెట్టిన తరువాతనే పలకకు నేలపై పట్టు చిక్కింది.

ప్రమాదాలకు వెరచి నార్వే ప్రభుత్వం 1978లో స్కేట్‌బోర్డులను నిషేధించింది. 1989 వరకు ఆ నిషేధం సాగింది. ఫలితమేమి? యువకులు అడవులలో రహస్యంగా ర్యాంపులు కట్టుకొన్నారు. ఆట ఆగలేదు, పెద్దల కనుచూపు నుండి మాత్రమే తొలగిపోయింది. నిషేధం వేరు, రక్షణ వేరు అనుటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మన తాలీంఖానాలను చూడండి. కుస్తీకి ముందు ఉస్తాదు మట్టిని తవ్వించి మెత్తన చేయిస్తాడు. పట్టు కంటె ముందు పడడం నేర్పుతాడు. స్కేటింగుకూ ఆ క్రమమే వర్తిస్తుంది. పడబోయేవాడు సహజంగా అరచేయి చాపుతాడు. దేహభారమంతా మణికట్టుపై పడి ఎముక విరుగుతుంది. మోకాళ్లు వంచి, ఒళ్లు వదులు చేసి, భుజం మీదుగా దొర్లడం అభ్యసించాలి. తలకు బిగువుగా అమరిన హెల్మెట్, మణికట్టుకు, మోచేతికి, మోకాలికి రక్షక కవచాలు తప్పనిసరి. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్లీ వాడరాదు. తడి నేలా, వాహనాలు తిరిగే రోడ్డూ ఈ ఆటకు తగవు.

ఇది పిరికివారి మాట కాదు. బ్రిటన్ క్రీడాకారిణి స్కై బ్రౌన్ 2020లో శిక్షణలో పడి పుర్రె ఎముక చిట్లి ఆస్పత్రి పాలయింది. ఆనాడు ఆమె తలపై హెల్మెట్ ఉంది. మరుసటి ఏడు, పదమూడేళ్ల ప్రాయంలో, టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచింది. 2024 పారిస్ పోటీలలో ఆండీ మెక్‌డొనాల్డ్ 51 ఏళ్ల వయసులో పాల్గొన్నాడు. ప్రేమించిన ఆటను ఏబది దాటినా ఆడగోరువాడు పదహారేళ్లనాడే దేహాన్ని కాపాడుకోవాలి.

మన దేశంలోనే, మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలోని జన్వార్ గ్రామంలో 2015లో స్కేట్ పార్కు వెలసింది. అక్కడి నియమాలు రెండు: బడికి పోనివారికి స్కేటింగు లేదు, ఆడపిల్లలకే మొదటి అవకాశం. ఒక చిన్న గ్రామానికి సాధ్యమైనది మన కళాశాలకు అసాధ్యమా? మా విద్యార్థినులు ఆటస్థలం అంచున నిలబడి చూడటమే ఇంతవరకు మేమెరుగుదుము.

కమిటీ పెద్దలకు మా మనవి స్వల్పమైనది. వెనుక ఆవరణలో కొంత మేర నునుపైన సిమెంటు నేల, అరడజను హెల్మెట్లు, కవచాలు, నేర్పగల ఒక వ్యక్తి, బాలికలకు వేరుగా ఒక వేళ. వీటి ఖర్చు విరిగిన చేతుల ఖర్చును మించదు.

విద్యార్థులారా! ఆ సౌకర్యం ఏర్పడేవరకు రోడ్డుపైకి పోకండి. ఏర్పడిన నాడు మేమే ముందుగా వచ్చి, మీ ఎదుట పడడం నేర్చుకొంటాము.