ట్రాక్టర్ బ్యాటరీ నీళ్ల మీదికి వద్దు

శ్రీశైలం వెనుకజలాల ఒడ్డున బతికే రైతుకు పడవ షోకు కాదు. 1981లో ప్రాజెక్టు కింద ఊళ్లు ఖాళీ అయినప్పటి నుంచి ఆ నీళ్లతోనే కాపురం. నీళ్లు తగ్గితే తేలిన నేలలో పైరు, నిండితే చేపల వేట. వెలుగోడు, మైలవరం, గండికోట జలాశయాల పక్కన ఉన్నవారికీ నీళ్ల మీద పని తప్పదు. డీజిలు ఖర్చు తగ్గుతుందని చిన్న పడవకు బ్యాటరీ మోటారు బిగిద్దామనుకునే రైతులు ముందు ఒక లెక్క చూసుకోవాలి.

"ఇంట్లో ట్రాక్టర్ బ్యాటరీ ఉంది కదా, దాన్నే కడదాం" అనే ఆలోచన మానుకోండి. అది ఇంజన్ స్టార్ట్ చేయడానికి కొన్ని సెకన్లు పెద్ద కరెంటు ఇచ్చే బ్యాటరీ. లోపలి ప్లేట్లు పలుచన. గంటల తరబడి లాగి ఖాళీ చేస్తే కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. అప్పుడు పడవా ఆగుతుంది, సేద్యం వేళకు ట్రాక్టరూ ఆగుతుంది. పడవకు కావలసింది ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ లాంటి, నిదానంగా ఖాళీ అయినా తట్టుకునే రకం.

ఇక లెక్క. మోటారు 30 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. బ్యాటరీ మీద 100 ఏ.హెచ్. అని ఉంటే మూడు గంటలు వస్తుందని సంబరపడొద్దు. సాధారణంగా ఆ అంకె 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు వాడితే వచ్చేది. గట్టిగా లాగితే అంత ఇవ్వదు. పైగా సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది. మీ చేతికి దక్కేది గంటన్నర లోపే. పోను రాను కలిపి గంటకు మించని దూరమే పెట్టుకోండి. ఎదురుగాలి లేస్తే ఆ మిగులే ఒడ్డుకు చేరుస్తుంది. తెడ్డు మాత్రం ఇంట్లో పెట్టి రావద్దు.

రెండు బ్యాటరీలు పెడితే, 12 వోల్టుల మోటారుకు ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలపాలి. మోటారుకు పోయే వైర్లలో ఒకటి మొదటి బ్యాటరీ ప్లస్ నుంచి, రెండోది రెండో బ్యాటరీ మైనస్ నుంచి తీస్తే రెండూ సమానంగా ఖాళీ అవుతాయి. 24 వోల్టుల మోటారుకైతే ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు కలపాలి. ఎలా కలిపినా మొత్తం శక్తి ఒకటే. పాతదానికి కొత్తదాన్ని జత చేస్తే పాతది కొత్తదాన్ని కూడా చెడగొడుతుంది.

వైరు దగ్గర పీనాసితనం వద్దు. మోటారు నాలుగు మీటర్ల దూరంలో ఉంటే, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులోనే దాదాపు ఒక వోల్టు పోతుంది. 16 చదరపు మిల్లీమీటర్లదైతే పావు వోల్టే. బ్యాటరీ ప్లస్‌కు దగ్గరలోనే మోటారు కంపెనీ చెప్పిన ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు పోయిందని వైరు ముక్క చుట్టారా, నడి నీటిలో నిప్పు పెట్టుకున్నట్టే.

బ్యాటరీని పెట్టెలో నిలువుగా పెట్టి, పడవ అడుగున కదలకుండా కట్టండి. పెద్ద ట్యూబులర్ ఒక మనిషంత బరువు. రెండు పెడితే ఇద్దరిని తగ్గించుకోవాల్సిందే. 2007 జనవరిలో ఈ వెనుకజలాల్లోనే పడవ మునిగి పదుల మంది ప్రాణాలు పోయాయి. నీళ్ల దగ్గర బరువును తేలిగ్గా చూడొద్దు.

ఛార్జింగు గాలి ఆడే చోట పెట్టండి. అప్పుడు మండే గాలి పుడుతుంది కాబట్టి దగ్గర బీడీ ముట్టించొద్దు. మన బోరు నీళ్లలో ఉప్పులెక్కువ. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి.

బ్యాటరీకి వేలు పోసి, ఫ్యూజుకూ వైరుకూ వందలు వెనకాడటం తెలివైన పొదుపు కాదు. ముందు ఒడ్డు వెంబడే తిప్పి, ఎంతసేపు వస్తుందో గడియారం పెట్టి చూసుకోండి. ఆ తర్వాతే ఇంటివాళ్లను ఎక్కించండి.