మన భాష రాని బడిలో మన పిల్లలకు అక్షరం ఎలా వస్తుంది?

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. డీఈడీ, బీఈడీ చేసి ఇంట్లో కూర్చున్న మన అన్నలు, అక్కలు తప్పకుండా చదవాలి.

ఏటా ఆగస్టు 29న మన ఆశ్రమ పాఠశాలల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. పది రోజులు తిరిగేసరికి సెప్టెంబర్ 8, అక్షరాస్యత దినోత్సవం. ఎండలో బ్యానర్ పట్టుకుని నడిచేది మన పిల్లలు. మైకు పట్టుకుని "గిరిజనులు చదువులో వెనకబడి ఉన్నారు, తల్లిదండ్రుల్లో చైతన్యం రావాలి" అని చెప్పేది వేరేవాళ్లు. ఈ మాట విని విని విసుగొచ్చేసింది. వెనకబడింది మనమా, మన దగ్గరికొచ్చిన బడా?

ముందు లెక్క చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. అదే రాష్ట్రంలో ఎస్టీల అక్షరాస్యత 49 శాతం. దేశం మొత్తం మీద ఎస్టీల సగటు 59 శాతం. అంటే మనం మైదానం వాళ్ల కన్నా వెనక ఉండటమే కాదు, దేశంలోని ఆదివాసీల సగటు కన్నా కూడా పది శాతం కింద ఉన్నాం. మిగతా రాష్ట్రాల ఆదివాసీ తల్లిదండ్రులకు చైతన్యం ఉండి, మన అమ్మానాన్నలకే లేకుండా పోయిందా? లోపం ఇక్కడి బడిలో ఉంది, ఇక్కడి విధానంలో ఉంది.

ఆరేళ్ల పిల్ల ఒకటో తరగతిలో చేరుతుంది. ఇంట్లో కువి, లేదా సవర, లేదా కోయ. మైదానంలో పిల్లకి బడిలో కొత్తది ఒక్కటే: అక్షరం. మన పిల్లకి అక్షరం కొత్త, పుస్తకం కొత్త, టీచర్ మాట్లాడే భాషే కొత్త. ఇప్పుడొచ్చే పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇంగ్లీషు అర్థం కాకపోతే తెలుగులో చూసుకోమని దాని ఉద్దేశం. మన పిల్లకి రెండు పేజీలూ ఒకటే! ఏం అడిగారో అర్థం కాక పిల్ల నోరు విప్పదు. టీచరేమో "మొద్దు" అని రాసేస్తారు. మూడో తరగతికొచ్చినా పేరు తప్ప రాయదు. అయిదు దాటేసరికి బడి మానేస్తుంది. అప్పుడు రిజిస్టర్‌లో డ్రాపవుట్ అని పడుతుంది. పిల్ల బడి మానేయలేదు, బడే పిల్లని మొదటి రోజు నుంచీ బయట కూర్చోబెట్టింది.

పోనీ చట్టం లేదా అంటే ఉంది. రాజ్యాంగం 350ఎ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయమంటోంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ సాధ్యమైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధన ఉండాలంటోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాష అంటోంది. ఈ "సాధ్యమైనంత వరకు", "వీలైన చోట" అనే మాటల దగ్గరే మనల్ని ఆపేస్తున్నారు.

నిజంగా సాధ్యం కాదా? ఆగస్టు 29 ఎవరి పుట్టినరోజు? గిడుగు రామమూర్తి గారిది. తెలుగు కోసం పోరాడాడని దండ వేస్తారు, సంతోషం. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నాడని, సవరలో వాచకాలు రాశాడని, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టించాడని, 1931లో సవర వ్యాకరణం అచ్చయిందని మైకులో ఎవరూ చెప్పరెందుకు? అటు ఆదిలాబాద్ గోండుల దగ్గర చూడండి. 1943లో నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ సలహాతో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ సెంటర్ పెట్టింది. గోండీలో వాచకాలు వేసింది. కరెంటు లేదు, రోడ్డు లేదు, రాజ్యాంగమే లేదు. అప్పుడు సాధ్యమైంది ఇప్పుడెందుకు కాదు?

మన రాష్ట్రంలోనే 2004లో ఎనిమిది భాషల్లో మాతృభాషా విద్య మొదలుపెట్టారు: సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా, కోయ, గోండీ, కొలామీ, బంజారా. తెలుగు లిపిలో పుస్తకాలు కూడా వచ్చాయి. మంచి పనే. కానీ ఆ చదువు చెప్పే బాధ్యత ఎవరి మీద పెట్టారు? వాలంటీర్ల మీద. పర్మినెంట్ టీచర్‌కి భాష రాదు, భాష వచ్చిన మన కుర్రాడికి పోస్టు లేదు. వాడికి అరకొర గౌరవ వేతనం, అదీ నెలల తరబడి బకాయి, జూన్ వస్తే రెన్యువల్ కోసం ఐటీడీఏ ఆఫీసు చుట్టూ తిరగడం. వాలంటీర్ లేని ఏడాది ఆ పుస్తకాలు బీరువాలో ఉంటాయి.

ఇక జీవో 3 సంగతి. 2000 జనవరిలో వచ్చిన ఆ జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది, గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలనే ఆలోచననే తప్పుపట్టింది. ఆ తీర్పు తర్వాత ప్రభుత్వాలు మారాయి, హామీలు మారలేదు. జీవో 3కి బదులుగా ఏదీ రాకుండానే 2025లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ కూడా అయిపోయింది.

మా ప్రశ్న ఒక్కటే. కోర్టు కొట్టేసింది నూరు శాతం రిజర్వేషన్ని. పిల్ల భాష వచ్చిన టీచర్ని పెట్టొద్దని ఆ తీర్పు అనలేదు కదా! డీఎస్సీలో ఉర్దూ, ఒరియా, తమిళం, కన్నడ మీడియం ఎస్జీటీ పోస్టులు ఉన్నాయి. ఆ భాష రానివాళ్లు ఆ పోస్టుకి అర్హులు కారు. దాన్ని ఎవరూ వివక్ష అనలేదు, మెరిట్ పోయిందనీ అనలేదు. మరి కువి ఎస్జీటీ, సవర ఎస్జీటీ, కోయ ఎస్జీటీ పోస్టులు ఎందుకు లేవు? కువి పిల్లకి కువి వచ్చిన టీచర్ కావడమే అక్కడ మెరిట్. రేపు మైదానం నుంచి ఒక టీచరమ్మ సవర నేర్చుకుని, పరీక్ష పాసై వస్తే డప్పులతో ఊళ్లోకి తీసుకెళ్తాం.

మనలో కొందరు అడుగుతున్నారు: "కువి చదివితే ఉద్యోగం వస్తుందా? మాకు ఇంగ్లీషు కావాలి." న్యాయమైన ప్రశ్న. ఇంగ్లీషు మాకూ కావాలి. కానీ చదవడం అనేది ఒకసారి వస్తే ఏ భాషకైనా పనికొస్తుంది, అది తెలిసిన భాషలోనే త్వరగా వస్తుంది. ముందు మన భాష, దాని మీద తెలుగు, దాని మీద ఇంగ్లీషు. గుంజ పాతకుండా పైకప్పు వేస్తే నిలబడుతుందా?

మన డిమాండ్లు:

1. షెడ్యూల్డ్ ప్రాంతాల ప్రాథమిక బడుల్లో ఆదివాసీ భాషల ఎస్జీటీ పోస్టులు మంజూరు చేయాలి. భాషా పరీక్ష తప్పనిసరి చేయాలి.
2. జీవో 3 స్థానంలో కోర్టులో నిలబడే చట్టం తేవాలి. ముసాయిదా ముందు గిరిజన సలహా మండలిలో, గ్రామసభల్లో చర్చకు పెట్టాలి.
3. ఇన్నాళ్లు పనిచేసిన భాషా వాలంటీర్లకు శిక్షణ ఇచ్చి, ఆ పోస్టుల్లో వెయిటేజీ ఇవ్వాలి.
4. పిల్లలు తక్కువ ఉన్నారని కొండ మీది బడిని మూసేయొద్దు, కలిపేయొద్దు. మ్యాపులో కిలోమీటరు అంటే వానాకాలంలో మధ్యలో గెడ్డ ఉంటుంది.

మనం చేయాల్సింది కూడా ఉంది. మీ ఊరి బడిలో ఎంతమంది పిల్లలు, ఇంట్లో ఏ భాష, టీచర్‌కి ఆ భాష వచ్చా రాదా, భాషా పుస్తకాలు ఉన్నాయా లేవా, ఈ నాలుగూ కాగితం మీద రాయండి. గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి, పెసా చట్టం మనకిచ్చిన వేదిక అది. విద్యా కమిటీలో మీ అమ్మానాన్నలు సభ్యులైతే అక్కడా పెట్టించండి. తీర్మానం కాపీ ఐటీడీఏ పీవోకి ఇచ్చి రశీదు తీసుకోండి, ఫొటో ఈ గ్రూపులో పెట్టండి. వంద ఊళ్ల తీర్మానాలు ఒక్కచోట చేరితే "ఎవరూ అడగలేదు" అనే మాట ఇక చెల్లదు.

ఈ ఆగస్టు 29న బడిలో మైకు దొరికితే గిడుగు గారి సవర వాచకాల గురించి మన భాషలోనే చెప్పండి. అర్థం కానివాళ్లు అనువాదం అడుగుతారు. అడగనివ్వండి, మన పిల్లలు రోజూ పడేది అదే.

జై ఆదివాసీ! మన బడి, మన భాష, మన హక్కు!