మార్పుల చిట్టా



ప్రాచీన కావ్యములను చదువువారికి పాఠభేదములు క్రొత్త కావు. ఒకే పద్యము ఒక తాటాకు ప్రతిలో ఒక రీతిగను, వేరొక ప్రతిలో మరియొక రీతిగను ఉండును. లేఖకుడు పొరబడెనా, పండితుడు దిద్దెనా, ఎప్పుడు, ఏల యని అడిగినచో ఆకు బదులు పలుకదు. బ్రౌను దొర వేమన పద్యములకై పెక్కు ప్రతులను సేకరించి, పోల్చి చూచి, 1829లో అచ్చు వేయించినను, మొదటి పాఠమేదో నేటికిని తగవుగానే యున్నది.

నేడు మన బిడ్డలు పలువురు హైదరాబాదులోను, విదేశములలోను కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుచున్నారు. పెద్ద ప్రోగ్రామును ఒక్కరే వ్రాయుట అరుదు. వేలకొలది పంక్తులను పలువురు, ఒకరి ముఖమొకరు చూడకయే దిద్దుచుందురు. ఇచ్చటి పాఠభేదము పండితుల తగవుతో పోదు. బ్యాంకులోని లెక్కయు, ఆసుపత్రిలోని యంత్రమును దానిపై ఆధారపడి యున్నవి. కావుననే వారు మార్పులకు చిట్టా వ్రాయుదురు.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మార్క్ రోష్‌కైండ్ 1972లో ఇట్టి సాధన మొకటి నిర్మించెను. నేడు మిక్కిలి వాడుకలో నున్నది గిట్. లైనక్సు పనికొరకు లైనస్ టోర్వాల్డ్స్ దానిని 2005లో ఆరంభించెను. ఏ పంక్తి మారెను, ఎవరి పేర, ఎప్పుడు, ఏల అనునవి అందు చేరును. ప్రతి మార్పునకు సాధారణముగా 40 అక్షరాంకముల గుర్తు ఏర్పడును. అది మన మిష్టము వచ్చినట్లు పెట్టునది కాదు; ఆ పాఠమునుండియు, ముందరి మార్పు గుర్తునుండియు గణితముచే పుట్టునది. పాతదానిలో ఒక్క అక్షరము దిద్దినను దాని గుర్తును, పిదప వచ్చిన గుర్తులన్నియు మారును. గుట్టుగా దిద్దుట దుర్ఘటము. ఇక ప్రజలకు పంపు కట్టకు 5.6.1 వంటి సులభమైన అంకెలు పెట్టుదురు.

ఇంత కట్టుదిట్టమున్నను 2024లో జరిగినది వినదగినది. ఎక్స్‌జెడ్ అనునది దస్త్రములను కుదించు సాధనము. లైనక్సు యంత్రములలో విరివిగా నుండును. ఒకానొక పేర ఒకరు రెండు సంవత్సరములకు పైగా అందు సాయము చేసి, నమ్మకము సంపాదించి, 5.6.0, 5.6.1 ప్రతులలో దొంగదారి నుంచిరి. అందులో కొంతభాగము పరీక్షా దస్త్రముల చాటున చిట్టాలోనే దాగియుండెను. దానిని మేల్కొలుపు భాగము మాత్రము చిట్టాలో లేదు. జనులకు పంపిన కట్టలోనే యుండెను! ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, దూరపు యంత్రములోనికి ప్రవేశించుటకు అర సెకను ఆలస్యమగుటను గమనించి, కారణము వెదకి, మార్చి 29న లోకమునకు వెల్లడించెను. అంకెలు తెలిసియున్నందున “ఆ రెండు ప్రతులున్నవారు వెనుకటి ప్రతికి మరలుడు” అని ఒక్కమాటతో హెచ్చరిక సాగెను. ఆ ప్రతులు చాలవరకు పరీక్షాదశలో నున్న లైనక్సు కూర్పులకే చేరినందున పెనుముప్పు తప్పెను.

దీనివలన మాకు తోచినది: చిట్టా పేరు చెప్పును గాని గుణము చెప్పజాలదు. వ్రాసినదానిని, చేతికి వచ్చినదానిని పోల్చి చూచు కన్ను కావలెను. పద్దు వ్రాసి సరుకు తూచని యిల్లాలికి పద్దువలన ప్రయోజనమేమి?

కావున సోదరీమణులారా, మీ ఫోనులోని సాధనములు ఏ ప్రతివో అప్పుడప్పుడు చూచుకొనుడు. అది సెట్టింగులలో వ్రాసియుండును. కొత్త ప్రతిని తయారుచేసినవారి సొంత దారినుండియే గైకొనుడు. ఎవరో పంపిన కట్టను విప్పకుడు. ప్రోగ్రాములు వ్రాయు బిడ్డ లింట నున్నచో, “మార్చితిని” అని మాత్రమే చిట్టాలో వ్రాసి విడువవద్దని చెప్పుడు. ఏమి మారినదో యంత్రమే చూపగలదు. ఏల మార్చిరో వ్రాసినవారే చెప్పవలెను. తాటాకు మనకు చెప్పలేకపోయినది ఆ మాటయే.